తాత మీసమూ నీళ్ళ అద్దమూ

మా తాత నాగసుబ్బయ్యకు కమలాపురంలో బోరు మోటార్ల అంగడి ఉంది. ఆ మోటార్లు తయారుచేసే కంపెనీ, ఈ ఏడు బాగా అమ్మిన అంగళ్ళవాళ్ళను జంటగా ఓడ ఎక్కిస్తామంది. ముంబయిలో ఎక్కించి, లక్షద్వీపాల దాకా తిప్పి, మళ్ళీ ముంబయిలో దించుతారట. ఈ కబురు చెప్పిన కంపెనీ మనిషి ప్రదీప్‌కుమార్, నా ఫోనుకు ఒక వీడియో కూడా పంపాడు. అందులో కళ్ళకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకున్న లావుపాటి ఆయనొకడు నీలం నీళ్ళ మీద బోర్లా తేలుతూ ఉంటాడు. ఆయన కింద పసుపుపచ్చ చేపలు పెళ్ళికి పోతున్నట్టు గుంపుగా పోతుంటాయి.

తాత ఆ వీడియో చూసి చూసి నా ఫోను చార్జింగంతా తాగేశాడు. నేను ఇంటర్ తప్పి అంగట్లో కూర్చున్నప్పటి నుంచి నా ఫోను నాది కాదు, అంగడిది.

"ఏమే ఆరాధనా, ఇంగొకసారి ఎయ్యి. ఆ చారల చేప యాడికి పోయిందో చూద్దాం."

"రాయి కిందికి పోయింది తాతా. పొద్దన కూడా ఆడికే పోయింది."

"ఈసారి ఏం చేస్తాదో చూద్దాం ఉండు."

నేను నవ్వాను గానీ, ఆయన ఎందుకు చూస్తున్నాడో నాకు తెలియక కాదు. తాత బతుకంతా నీళ్ళ పనే. అయినా నీళ్ళను చూసింది తక్కువ. చిన్నప్పుడు నడుముకు సొరబుర్ర కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నాడు. అవి పాచి నీళ్ళు, కళ్ళు మూసుకునే మునగాలి. తర్వాత బావులు ఎండిపోయి బోర్లు వచ్చాయి. జానెడు బొక్కలోకి మోటారు దించి, పైపుకు పైపు కలుపుతూ పోవడం ఆయన పనైంది. కింద ఏముందో ఎవరికీ కనపడదు. మీట నొక్కాక పైపు మూతిలోంచి ముందు గాలి బుస్సుమంటుంది. అప్పుడు రైతు మొహం చూడలేక తాత ఆకాశం వైపు చూస్తాడు. నీళ్ళొస్తే ఇద్దరూ తడుస్తారు. రాకపోతే తాత మారుమాట లేకుండా మోటారు పైకి లాగి తెస్తాడు. ఆ పూట అన్నం ముందు నుంచి సగంలో లేస్తాడు. అట్లాంటి మనిషికి ఒక్కసారి నీళ్ళ లోపల ఏముంటుందో కళ్ళతో చూడాలనిపించింది. నోరు తెరిచి అడగలేదు, వీడియో వేయమన్నాడు, అంతే.

అద్దాలూ గొట్టాలూ ఓడవాళ్ళే ఇస్తారని ప్రదీప్‌కుమార్ చెప్పాడు. అక్కడే వచ్చింది తంటా.

"అంటే, నాకంటే ముందు ఇంగొకరు నోట్లో పెట్టుకున్న గొట్టమా?" అన్నాడు తాత ఫోనులో.

"మందు నీళ్ళతో కడుగుతారు సార్."

"గంగలో కడిగినా ఎంగిలి ఎంగిలే నాయనా. చెంబెత్తి పోసుకుని తాగేవాళ్ళం, ఒకరు కరిచిన గొట్టం నేను కరుస్తానా?"

కాబట్టి సామాను మనమే కొనుక్కుని పోవాలని తీర్మానం జరిగింది. ఫోనులో నేనే తెప్పించాను. ముక్కును కూడా కప్పేసే రబ్బరు అంచు అద్దం, నోట్లో పెట్టుకునే వంపు గొట్టం, కాళ్ళకు తొడుక్కునే రబ్బరు రెక్కలు. రెక్కలు తొడుక్కుని తాత అంగట్లో మూడడుగులు వేసేసరికి స్టార్టరు డబ్బాల వరస కూలింది. మా అవ్వ వెంకటలక్ష్మమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఇంత వయసొచ్చినాక బాతు జన్మ ఎత్తినావా సామీ?"

"నీకూ ఒక జత తెప్పిస్తాలే."

"నాకేం వద్దు. నేను ఓడలోనే గొడుగు కింద కూచుంటా. నువ్వు మునిగితే అరిచేదానికి ఒకరుండాల కదా."

రెక్కలు అట్టపెట్టెలోకి తిరిగిపోయాయి. ఇక గొట్టం. అది తాతకు మరీ పొట్టిగా కనిపించింది. మా కడప నేలమీద ఎవరికైనా పుట్టే బుద్ధే ఆయనకూ పుట్టింది. అందకపోతే ఇంకో పైపు కలపడమే! గొట్టం కొసకు తన ఎత్తు పైపు ముక్క అతికించాడు. అంగడి వెనక మోటార్లు పరీక్ష చేసే పెద్ద సిమెంటు తొట్టి ఉంది. అందులో పంచె గోచి పెట్టుకుని దిగి, అడుగున కూర్చున్నాడు. పైన పైపు ఒక్కటే జెండాకర్రలాగా నిలబడింది. కాసేపటికే వంకాయ రంగులో పైకి లేచాడు.

"గాలి రాలేదే పిల్లా! నేను వదిలిందే మళ్ళా నాకొచ్చింది. రొమ్ము మీద ఎవరో కూచున్నట్టుండాది."

"ఇది బోరు కాదు తాతా. వీడియోలో ఆయన పైనే తేలుతాండాడు కదా?"

"అదీ నిజమే," అని అతికించిన పైపు రంపంతో కోసేశాడు. పొట్టి గొట్టం సరిపోయింది. ఊపిరి ఆడింది. కానీ అసలు చిక్కు అద్దంతో మొదలైంది. తల నీళ్ళలో పెట్టగానే అద్దం సగానికి నిండిపోయేది. పట్టీ బిగించాము, నిండింది. ఇంకా బిగించాము, తాత చెవులు ముందుకొచ్చాయి, అద్దం మాత్రం నిండింది.

ఫోను చేస్తే ప్రదీప్‌కుమార్ నసిగాడు. "సార్‌కు మీసం ఉంది కదా అమ్మా... రబ్బరు చర్మానికి అతుక్కోవాలి. మీసం ఉంటే సందుల్లోంచి నీళ్ళొస్తాయి."

మీసం ఉంది కదా అంటాడేమిటి! ఆ మీసం కమలాపురానికి ఒక గుర్తు. తెల్లగా, దట్టంగా, కొసలు పైకి మెలితిరిగి ఉంటుంది. మజ్జిగ ఇస్తే తాత కంటే ముందు అదే తాగుతుంది. అందం ఒక్కటే అయితే తాత ఆలోచించేవాడేమో. ఆయన తల్లి ఇంకా ఉంది. ఓబుళమ్మ, మాకు జేజమ్మ. మా వైపు తల్లో తండ్రో పోతేనే కొడుకు మీసం తీస్తాడు. తల్లి బతికుండగా తీయడమంటే ఆమె చావు కోరుకోవడమే.

అవ్వ ఆముదం తెచ్చి మీసానికి పట్టించింది. అద్దం జారి గడ్డం మీదికి వచ్చింది. వెన్న పూసింది. వెన్న నీళ్ళలో తేలింది, అద్దం మసకబారింది.

"చాల్లే," అన్నాడు తాత తొట్టిలోంచి లేస్తూ. "ఓడ మీద నుంచి చూస్తాను. నీళ్ళు పైనుంచి కూడా నీళ్ళే కదా."

అద్దం, గొట్టం తుడిచి పెట్టెలో సర్దేశాడు. ఆ పూట అన్నం సగంలో లేచాడు. ఏ బోరూ ఎండని రోజున అట్లా లేవడం నేను అదే చూడటం. వీడియో వేస్తానంటే కూడా వద్దన్నాడు.

మరునాడు జేజమ్మ తన మంచం మీద నుంచే కొడుకును పిలిచింది. అవ్వే చెప్పి ఉంటుంది.

"ఏందిరా నాగసుబ్బా, మీసం తియ్యాలనుకుంటాండావంట?"

"లేదమ్మా. ఎవరు చెప్పినారు? నువ్వుండగా నేను ఆ పని చేస్తానా?"

"నేనుండగా చెయ్యవు. నేను పోయినాక చేస్తావు. అప్పటికి నీ మోకాళ్ళు ఓడెక్కుతాయా?"

తాత తల వంచుకున్నాడు. జేజమ్మకూ అది తేలిక మాట కాదు. తాంబూలం నములుతున్న నోరు ఆగిపోయింది.

"ఇంతకీ ఆడ ఏముండాదంట?"

తాత మెల్లగా మొదలుపెట్టాడు. పసుపుపచ్చ చేపలు, చారల చేప, కొమ్మలు కొమ్మలుగా పెరిగిన రాళ్ళు. చెప్పేకొద్దీ చేతులు లేచాయి. చివరికి మంచం పక్కన చారల చేప ఎట్లా తిరుగుతుందో తానే తిరిగి చూపించాడు. జేజమ్మ కొడుకునే చూస్తూ ఉండిపోయింది.

"ఆ అద్దం తేపో పిల్లా," అంది నాతో.

బేసినులో నీళ్ళు పోసి పీట మీద పెట్టాం. అద్దం ఆమె మొహానికి తగిలించాను. మీసం లేని మొహం కదా, చక్కగా అతుక్కుంది. వంగి నీళ్ళలో మొహం పెట్టి, ఊపిరి ఉన్నంతసేపూ చూసి తల ఎత్తింది.

"ఏమ్మే వెంకటలక్ష్మీ, ఈ బేసిను అడుగు ఎప్పుడన్నా తోమినావా?"

అవ్వ నోరు తెరిచే లోపలే జేజమ్మ అద్దం తీసి తాత చేతిలో పెట్టింది. "శానా బాగా కనపడతాండాదిరా. హనుమేష్‌ను పిలిపించు."

సెలూను హనుమేష్ వచ్చి, సంగతి విని, కత్తి మళ్ళీ సంచిలో పెట్టేశాడు. "ఆ పాపం నాకొద్దు ఓబుళమ్మవ్వా," అన్నాడు. జేజమ్మ కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చుంది. "ఎవరి పాపం? చచ్చేది నేను కదా, నేనే చెప్తాండా. గీకు." తాత కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెల్లటి వెంట్రుకలు తువ్వాలు మీద పడ్డాయి.

అయిపోయాక జేజమ్మ చేయి చాపి తాత పైపెదవి తడిమింది.

"మీ నాయన పోయినప్పుడు తీసినావు. అప్పుడు నీ మొగం చూసే స్థితి యాడుండె నాకు? ఇప్పుడు చూస్తాండా." ఆగి, "బడి ఎగ్గొట్టి వచ్చిన మొగం ఇది," అంది.

ఆ సాయంత్రమే తొట్టిలో పరీక్ష చేశాం. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. ఎంతసేపటికీ తల ఎత్తకపోతే అవ్వ కంగారుపడి వీపు మీద చరిచింది. "ఉండవే, నా కాళ్ళేళ్ళు చూసుకుంటాండా," అని విసుక్కుని మళ్ళీ తల పెట్టేశాడు.

ఇక ఊరితో పని మిగిలింది. బోడి పెదవితో తాత అంగట్లో కూర్చుంటే జనం ఏమనుకుంటారో జేజమ్మకు తెలుసు. కొత్త చీర కట్టుకుని, పైపుల కట్ట పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. నిడిజివ్వి ఊరి రైతు అయ్యన్న రోడ్డవతల నుంచే తాతను చూసి, చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ఏడుపు మొహంతో మెట్లెక్కాడు.

"ఎప్పుడు జరిగిందప్పా? నాకొక మాట చెప్పకపోతివే... మహాతల్లి..."

"ఇంకా జరగలేదప్పా," అంది జేజమ్మ పక్క నుంచి. "ఏం, దండ తెచ్చినావా?"

అయ్యన్న రెండడుగులు వెనక్కి వేసి, తేరుకుని, ఏం కొనాలో తెలియక రెండు పైపు ఎల్బోలు కొనుక్కుపోయాడు. ఓడ ప్రయాణం దాకా రోజూ అట్లాగే. వచ్చిన ప్రతి మనిషినీ ఆమే ముందు పలకరించేది. "నేనే, ఉండాను. మావాడు చేపలు చూసేదానికి పోతాండాడు."

రైలెక్కే రోజు తాత సంచిలో చొక్కాలు తక్కువ, అవ్వ చేసిన పప్పుల పొడి ఎక్కువ. అద్దాన్నీ పొట్టి గొట్టాన్నీ జేజమ్మ తన పాత నూలు చీర ముక్కలో చుట్టి, తానే పైన పెట్టింది. తాత ఆమె కాళ్ళకు మొక్కాడు.

"పోయిరా. చూసింది చూసినట్టు వచ్చి చెప్పు," అంది. "రంగులు కలిపినావంటే నాకు తెలిసిపోతాది."