అరువు తల

ఆ ల్యాబ్ ఇంజనీరు జుట్టు అడ్డమని గుండు చేయించుకున్నాడు. పొద్దున్నే కణతకి జెల్ రాసుకుని, అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనించి, తెరమీద తన మెదడు తనే చూసుకుంటాడు. అతని చెవి వెనక ఎండిన జెల్‌ని భోజనాల దగ్గర భార్య గిల్లి తీస్తుంది. పుర్రె ఒకచోట మందం, ఒకచోట పల్చన. అందుకే దాన్ని దాటే శబ్దం చెదిరి బొమ్మ అలుక్కుపోతుంది. ఆ చెదరడాన్ని లెక్కగట్టి సరిచేయడమే అతని పని. మూడేళ్లకి తన తలలోని రక్తనాళం దారంలా తేటగా కనిపించింది. డాక్టర్లు ఆ యంత్రం చూడ్డానికి వచ్చే ముందురోజు, సరదాకి ఊడ్చే ఆయాని కూర్చోబెట్టి ప్రోబ్ ఆనించాడు. తెరనిండా పొగమంచు!

“నా తలలో ఏం లేదా బాబూ?” అందామె కంగారుగా.

అతను నాలుక కరుచుకున్నాడు. “మీ తలకేం, బంగారంలా ఉందమ్మా! నేనే నా ఒక్కడి కొలతలకి చొక్కా కుట్టి, ఊరందరికీ తొడుగుదామనుకున్నా.” ముందుగా ఎవరి పుర్రె మందం వాళ్లదే కొలిచేలా లెక్క మార్చాడు. సాయంత్రానికి ఆమె నాళం తెరమీద చక్కగా కొట్టుకుంటూ కనిపించింది.

మర్నాడు అతను తన గుండు చూపించలేదు. “మీ తల ఒక్కసారి అరువిస్తారా సార్?” అని పెద్ద డాక్టర్నే అడిగాడు. ఆయన తటపటాయించాడు. గుమ్మం దగ్గర చీపురుతో నిలబడ్డ ఆయా ధైర్యం చెప్పింది.

“భయంలేదు సార్, ఇచ్చేస్తారు. నాది నిన్నే తిరిగిచ్చేశారు.”