గోదావరి నుంచి వచ్చాం

ఏప్రిల్ నడిమి రోజుల్లో ఒక ఉదయం మా వంటింట్లోంచి నల్లనువ్వులు వేగే వాసన వస్తుంది. దాని వెనకే బెల్లం పాకం వాసన, వేడి పెనం మీద తడి బియ్యప్పిండి ఆరుతున్న వాసన. ఆ కాలంలో కోనసీమ అంతటా ఆవపిండి ఘాటు, మామిడికాయ ముక్కల పులుపు గాలిలో ఉంటాయి. మా ఒక్క చోట మాత్రం వాటి మధ్యలోంచి ఈ కమ్మదనం వచ్చి పలకరిస్తుంది. నేను చేతిలో పని పక్కన పెట్టేస్తాను. సుభద్ర టీచరుగారు భోజనాల హాలు గుమ్మంలో నిలబడి, కళ్ళజోడు పైకి తోసుకుంటూ, "ఇవాళ ఎక్కడున్నామండి మనం?" అని అడుగుతున్నట్టే ఉంటుంది.

కొత్తపేట దాటాక కాలవగట్టు పక్కన, కొబ్బరితోటలో ఉన్న వృద్ధుల నివాసానికి నేను మేనేజరుని. అంతకుముందు చాలా ఏళ్ళు మస్కట్‌లో ఒక కంపెనీ కార్మికుల క్యాంపులో మెస్సు నడిపాను. వందలమందికి వేళకి తిండి పెట్టడం వచ్చినవాడు పెద్దవాళ్ళ నివాసం నడపలేడా అని మా ట్రస్టు వాళ్ళు నన్ను తీసుకున్నారు. నేనూ అలాగే నడిపేవాణ్ణి. కాఫీ వేళకి కాఫీ, మందు వేళకి మందు, గచ్చు అద్దంలా ఉండాలి. ఎవరూ ఏ లోటూ చెప్పేవారు కాదు. సాయంత్రాలు మాత్రం అందరూ వరండాలో కుర్చీలు వేసుకుని, ఒకరి పక్కన ఒకరు కూర్చుని, ఎవరివాళ్ళ కోసం వాళ్ళు గేటు వైపు చూస్తున్నట్టు ఉండేవారు.

టీచరుగారు ఒక ఆటోలో వచ్చేశారు. ఆవిడని ఎవరూ తీసుకొచ్చి దింపలేదు. ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట, ఆటో బయటికి పొడుచుకొచ్చిన ఒక గుడ్డపటం. అది ప్రపంచ పటం. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన రోజున, కొత్త పటాలు వచ్చాయి కదా అని పాతదాన్ని ఆవిడకే ఇచ్చేశారట. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చదివించి, పెళ్ళిళ్ళు చేసి, ఇక తన చోటు తను చూసుకుందామని వచ్చారు. గది చూపించబోతే, ముందు ఈ పటం ఎక్కడ తగిలించుకోవచ్చో చెప్పమన్నారు. గదిలో గోడ చాలదన్నాను. అయితే అందరూ తినే చోట పెట్టండి అన్నారు. విశాఖపట్నం దాటి ఎప్పుడూ వెళ్ళలేదని, దేశాలన్నీ కర్రతో తాకి చూసినవేనని నవ్వుతూ చెప్పారు.

వచ్చిన వారానికే నా దగ్గరికొచ్చి మస్కట్ గురించి అడిగారు.

"ఏముందండి చెప్పడానికి? క్యాంపు, మెస్సు, ఎండ."

"అన్నేళ్ళూ ఎండలోనే ఉన్నారాండి? మనుషుల మధ్య లేరా?"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని అడగడం మొదలుపెట్టారు. పొద్దుగూకితే అక్కడి మగవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు? ఇంటికి ఎవరైనా వస్తే ముందు ఏం పెడతారు? వాన పడితే పిల్లలు ఏం చేస్తారు? ఒక్కొక్కదానికి జవాబు చెబుతుంటే, నాకు తెలుసని నాకే తెలియని సంగతులు బయటికొచ్చాయి. శనివారం సాయంత్రం ఇవన్నీ అందరి ముందూ చెప్పాలన్నారు. నాకు మాట్లాడ్డం రాదంటే, "వంట వచ్చుగా, అక్కణ్ణించి మొదలెట్టండి" అన్నారు.

ఆ శనివారం ఏలకులు వేసిన చక్కెరలేని కాఫీ, ఖర్జూరాలు పెట్టాను. నిప్పుల మీద సాంబ్రాణి వేశాను. ఆ సాంబ్రాణి చెట్లు ఆ దేశంలోనే పెరుగుతాయనీ, కొండలు కాల్చిన ఇటుక రంగులో ఉంటాయనీ, ఒక్క చెట్టూ లేకపోయినా సాయంత్రం వాటి మీద పడే వెలుగు చూస్తూ పనివాళ్ళం మాట్లాడుకోకుండా కూర్చునేవాళ్ళమనీ చెప్పాను. పది నిమిషాలనుకున్నది భోజనాల వేళ దాటిపోయింది. వేళ తప్పడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. అందరూ లేచాక ఆత్రేయపురం మంగమ్మగారు ఒక్కరూ కూర్చునే ఉన్నారు. పూతరేకులు చేసి అమ్మి సంసారం ఈదిన మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగరు.

"మా ఆయన అక్కడే చేసేరు బాబూ. సెలవుకొచ్చినప్పుడు అడిగితే ఎండే అనేవోరు. అంతకు మించి చెప్పలేదు, చెప్పకుండానే పోయేరు. ఆ కొండలు ఎలా ఉంటాయన్నారో ఇంకోసారి చెప్పండి."

మళ్ళీ చెప్పాను. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడకీ చెప్పాను. నా బతుకులో అన్నేళ్ళు ఎక్కడో పారబోసుకున్నాననుకునేవాణ్ణి. అవి పోలేదని, ఎవరో అడిగేదాకా నాలోనే ఉన్నాయని టీచరుగారి వల్ల తెలిసింది.

శనివారం ప్రయాణాలు అలా మొదలయ్యాయి. రైల్వేలో పనిచేసినాయన ఖరగ్‌పూర్ తీసుకెళ్ళారు. ఒకావిడ కూతురి పురుడుకి వెళ్ళి ఉండిపోయిన నాగపూర్ గురించి చెప్పి, అక్కడి జొన్నరొట్టెలు తట్టించారు. వరండాలో కుర్చీలు గుండ్రంగా చేరాయి.

అప్పుడు వచ్చారు నిరుపమగారు. అస్సామీ ఆవిడ. భర్త ఈ చుట్టుపక్కల చమురు బావుల దగ్గర ఇంజినీరుగా పనిచేసి, ఈ నేల నచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన పోయాక ఆవిడకి ఇక్కడ ఎవరూ లేరు. అక్కడ ఉన్నది ఒక మేనల్లుడు. ఆవిడ తెలుగు కూరలబజారుకి సరిపోయేంత. గదిలోంచి వచ్చేవారు కాదు. కంచంలో అన్నం అటూ ఇటూ జరిపి లేచిపోయేవారు. మనిషి చూస్తుండగానే చిక్కిపోయారు. ఒంట్లో జబ్బేమీ లేదని, ఇలాగే తినకపోతే మాత్రం ఎన్నాళ్ళో నిలబడరని డాక్టరుగారు నాతో విడిగా చెప్పారు.

టీచరుగారు ఆ శనివారం అస్సాం పెట్టారు. పటం ముందు నిలబడి తేయాకు, వర్షపాతం, అడవులు, ఖడ్గమృగాలు అన్నీ చక్కగా చెప్పారు. నిరుపమగారు మధ్యలోనే లేచి గదికి వెళ్ళిపోయారు. టీచరుగారు కర్ర పక్కన పెట్టేశారు. తర్వాత నాతో, "నేను పాఠం చెప్పేశానండి. ఆవిణ్ణి ఏమీ అడగలేదు" అన్నారు. ఆ కర్ర మళ్ళీ పట్టుకోలేదు.

కొన్నాళ్ళకి, ఫలహారాల వేళ సోమయాజులుగారు ఆ పటం దగ్గర ఆగారు. ముక్తేశ్వరం వైపు వేదం చెప్పుకున్న కుటుంబం వారిది. తన వంట తనే చేసుకునేవారు, మా శనివారాలకి దూరంగా కూర్చుని విని వెళ్ళిపోయేవారు. ఆయన బ్రహ్మపుత్ర నీలిగీత మీద వేలు పెట్టి, "దీన్నే పూర్వం లౌహిత్యం అనేవారు. పేరు చిన్నప్పట్నించీ పలుకుతున్నాను. ఎక్కడుందో ఇప్పుడు చూస్తున్నాను" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"లుయిత్," అంది ఒక గొంతు.

నిరుపమగారు. టీ గ్లాసు చేత్తో పట్టుకునే లేచారు. మా ఊళ్ళో దాన్ని లుయిత్ అంటాం అన్నారు, తెలుగూ హిందీ కలిపి. పటం దగ్గరికి వెళ్ళి ఆ నీలిగీత వెంట వేలు జరుపుతూ దేనికోసమో వెతికారు. తన ఊరు మాజులీ అనీ, నది మధ్యలో ఉన్న దీవి అనీ, ఇందులో వెయ్యలేదనీ చెప్పారు. టీచరుగారు ఈసారి పాఠం చెప్పలేదు. చిన్నపిల్లలా అడిగారు.

"చుట్టూ నీళ్ళేనాండి?"

"చుట్టూ. ప్రతి ఏడూ గట్టు కోసేస్తుంది. కొంచెం కొంచెం తినేస్తోంది."

"మాదీ అంతేనండి. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, కింద సముద్రం. లంకల్లో వాళ్ళనడగండి, గోదారి ఎంత కోసేసిందో చెబుతారు."

ఆ రోజు ఫలహారాలు ఎప్పుడు ముగిశాయో నేను చూడలేదు. అక్కడి వాళ్ళు వరదకి ఇళ్ళు వెదురు గుంజల మీద ఎత్తుగా కడతారట. వక్కా తమలపాకూ పెట్టనిదే అతిథిని పంపరట. సోమయాజులుగారు నిలబడే విన్నారు. నిరుపమగారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఇడ్లీలు రెండు తినేశారు. అది నేను చూశాను, టీచరుగారు చూశారు.

ఏప్రిల్‌లో వాళ్ళ కొత్త సంవత్సరం, బిహు. నిరుపమగారు పిఠా చేస్తానన్నారు. తడి బియ్యప్పిండిని వేడి పెనం మీద పల్చగా పరిచి, మధ్యలో నువ్వులూ బెల్లం పెట్టి చుట్టడం. మంగమ్మగారు పొయ్యి పక్కన నిలబడి చూస్తూ చూస్తూ, "ఇది మా రేకేనమ్మా. మేం కుండ బోర్లించి దాని మీద తీస్తాం, మీరు పెనం మీద పరుస్తున్నారు, అంతేగా" అన్నారు. మర్నాడే మూకుడూ కుండా పొయ్యీ పెట్టించి, పిండిలో గుడ్డ ముంచి రేకు తీసి చూపించారు. నిరుపమగారు తీసిన మొదటి రేకు చిరిగింది. రెండోది నిలిచింది. దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని, అవతల ఉన్న మంగమ్మగారి మొహం అందులోంచి చూసి నవ్వారు. ఆవిడ నవ్వు నేను చూడ్డం అదే మొదలు.

బిహు సాయంత్రం ఆవిడ ఎర్ర అంచు తెల్ల కండువా ఒకటి తెచ్చి టీచరుగారి మెడలో వేశారు. గమోసా అంటారట, గౌరవించిన వాళ్ళకి వేస్తారట. తర్వాత చప్పట్లు కొడుతూ పాడారు. మోకాళ్ళ నొప్పులన్నవాళ్ళు కూడా పాదం కదిపారు. సోమయాజులుగారు పిఠా తినలేదు. కాని తన నువ్వులు తనే వేయించుకుని, తన బెల్లం కలుపుకుని పట్టుకొచ్చి, అందరితో వరసలో కూర్చుని తిన్నారు. అంతకంటే ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆ వరసలోనే టీచరుగారు, ఇక కూర్చుని వెళ్ళింది చాలు, నిజంగానే వెళదాం అన్నారు.

మా ట్రస్టు అధ్యక్షుడు ఒప్పుకోలేదు. మంచివాడే, భయపడ్డాడు. అంతదూరం రైలు, ఆపైన పడవ, దారిలో ఎవరికైనా ఏదైనా అయితే పిల్లలకి ఎవరు జవాబు చెబుతారన్నాడు. సమావేశంలో టీచరుగారు అంతా విని లేచి, "జాగ్రత్తగా ఉండమనండి, ఉంటామండి. ఇక్కడే ఉండమనకండి" అన్నారు. ఆయన తలొంచుకున్నాడు. చివరికి డాక్టరుగారు సరేనన్నవాళ్ళు మాత్రమే వెళ్ళాలని, నేను వెంట ఉండాలని ఒప్పుకున్నాడు. ఆ మర్నాటి నుంచి తెల్లవారగానే కాలవగట్టు మీద నడక. వేసవి గడిచి, వానలు గడిచాయి. గట్టు మీద మొదట అరటితోట దాకా, తర్వాత లాకుల దాకా, దసరాకి అవతలి ఊరి దాకా. పొలాలకి వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు ఆపి, ఎక్కడికండి అని అడిగేవారు. అస్సాంకి అని టీచరుగారు చేతికర్ర ఊపేవారు.

కార్తీకం వెళ్ళాక రాజమండ్రిలో రైలెక్కాం. సోమయాజులుగారు అటుకులూ బెల్లం అరటిపళ్ళూ మూట కట్టుకుని మరీ వచ్చారు. నేను ప్రతి స్టేషన్లోనూ తలలు లెక్కపెట్టేవాణ్ణి. ఒడిశా దాటాక టీచరుగారు నన్ను పిలిచి, "మేం ఎక్కడికీ పోమండి. మీరూ వచ్చేరు కదా ప్రయాణానికి, కిటికీ పక్కన కూర్చోండి" అని తన చోటు ఇచ్చారు. మస్కట్‌కీ ఇంటికీ మధ్య అన్నిసార్లు తిరిగాను, ఒక్కసారైనా బయటికి చూసిన గుర్తులేదు నాకు. ఆ పగలంతా వరికోతలు, చెరువుల్లో తెల్ల కలువలు, ఎవరివో పెరళ్ళు చూస్తూనే ఉన్నాను.

రేవులో దిగి లౌహిత్యం చూశాం. ధవళేశ్వరం దగ్గర గోదారిని చూసి పెరిగినవాళ్ళం. ఇది అవతలి గట్టే కనిపించని బూడిదరంగు నీరు. సోమయాజులుగారు వంగి దోసిలి పట్టి, కళ్ళు మూసుకుని ఆ పేరు పలికారు. పడవలో మోటారుసైకిళ్ళూ మేకలూ కూరగాయల బుట్టలూ, వాటి మధ్య మేం. నిరుపమగారు తన భాషలో గడగడా మాట్లాడుతున్నారు, అందరికీ చోటు ఇప్పిస్తున్నారు, మమ్మల్ని మందలిస్తున్నారు. మా నివాసంలో గదిలోంచి రాని మనిషి ఈవిడేనా అనిపించింది. బుట్టతో కూర్చున్న ఒకావిడ, టీచరుగారి మెడలో గమోసా చూసి, ఎక్కణ్ణించి వచ్చారని అడిగింది. దానికి జవాబు టీచరుగారు నిరుపమగారి దగ్గర నెలల తరబడి నేర్చుకున్నారు. పడవ ముందు కమ్మీ పట్టుకుని, క్లాసులో ఆఖరి బెంచీకి వినపడేంత గొంతుతో చెప్పారు.

"ఆమి గోదావరీర్ పరా ఆహిసో."

మేం గోదావరి నుంచి వచ్చాం. పడవంతా ఇటు తిరిగింది. ఒకాయన చప్పట్లు కొట్టాడు. బుట్ట ఆవిడ లేచి ఒక వక్కా ఆకూ ఆవిడ చేతిలో పెట్టింది. టీచరుగారి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. దీవి గట్టు దగ్గరైనకొద్దీ ఆవిడ వెన్ను ఇంకా నిటారైంది.

దీవిలో ఉన్న రోజుల్లో మా అందరికీ ఒక దిగులు ఉండేది. మేనల్లుడు వచ్చి, ఇక ఇక్కడే ఉండిపొమ్మని ప్రేమగానే అడిగాడు. తిరుగు ప్రయాణం ముందురోజు నిరుపమగారు తన పెట్టె మా పెట్టెల్లో పెట్టారు. ఎందుకని మంగమ్మగారే అడిగారు. "ఇక్కడ నన్ను అత్తా అనేవాళ్ళే మిగిలారు. నిరుపమా అని పిలిచేవాళ్ళు అక్కడున్నారు" అన్నారావిడ. మంగమ్మగారు ఆ పేరు పెట్టి ఒకసారి పిలిచారు. అంతే, ఇక పెట్టెలు కట్టుకున్నాం.

తిరిగొచ్చిన రోజున ట్రస్టు అధ్యక్షుడు స్టేషనుకి స్వయంగా బస్సు తీసుకొచ్చాడు. వచ్చే ఏడు ఎక్కడికో ముందుగా చెబితే తనూ వస్తానన్నాడు. టీచరుగారు ఆ తర్వాత ఇంకొక్క ప్రయాణం, రాజస్థాన్ దాకా, మాతో చేశారు. మరుసటి శ్రావణంలో, మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కునుకు తీస్తూ వెళ్ళిపోయారు. ఆ శనివారం మానేద్దామా అని నేను అడిగితే, కూడదని సోమయాజులుగారే అన్నారు. ఆ రోజు టీచరుగారి ఊరు చెప్పుకున్నాం.

మా దగ్గర ఇప్పుడు ఖాళీ గది దొరకడం కష్టం. ఎవరైనా కొత్తగా వస్తే వేళలూ నియమాలూ తర్వాత చెబుతాను. ముందు కుర్చీ లాక్కుని కూర్చుని అడుగుతాను. చెప్పడం మొదలుపెట్టేదాకా ఆగడం కూడా నేర్చుకున్నాను. అందులో ఎంత తొందరపడకూడదో ఆవిడ దగ్గరే చూశాను. ఈ ఏడు కచ్ వెళుతున్నాం. టిక్కెట్లు తీస్తున్న కుర్రాడికి, పెద్దవాళ్ళందరికీ కింది బెర్తులు చూడమని చెప్పి, నాకు మాత్రం కిటికీ పక్క సీటు కావాలని నోరు తెరిచి అడిగాను.