ఎదుర్లంక రేవులో కేకు

యానాం ఇంకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న రోజులవి. అక్కడ విస్కీ అంగట్లో దొరికేది. గోదావరి దాటి ఇవతల ఎదుర్లంక రేవులో దిగితే మద్యనిషేధం. దిగినవాళ్ల సంచులు కానిస్టేబుల్ వెతికేవాడు.

ఆ రోజు నాతోపాటు పడవ దిగిన ఒక పెద్దావిడ సంచిలో రేకుడబ్బా, చిన్న విస్కీ సీసా బయటపడ్డాయి.

“ఏంటండీ ఇది?” అన్నాడు కానిస్టేబుల్.

“ఆయ్, విస్కీయేనండి. కేకు మీద పొయ్యడానికి.”

“కుదరదండి. గోదాట్లో పారబొయ్యాల్సిందే.”

ఆవిడ వాదించలేదు. డబ్బా మూత తీసి, సీసా బిరడా పీకి, ఉన్నదంతా ఆ నల్లటి కేకు మీద నిదానంగా పోసేసింది. ఖాళీ సీసా అతని చేతిలో పెట్టింది.

“కాకినాడలో ఒక దొరగారింట్లో వంట చేసేదాన్నండి. వాళ్ల దేశంలో దొరగారి తాత బార్లీ మొలకలతో విస్కీ కాచేవారట. అది పొయ్యని కేకు ఆ ఇంట్లో ముట్టుకునేవారు కాదు. వాళ్లబ్బాయిని నేనే పెంచేను. యుద్ధంలో పోయేడండి. ఈరోజు బాబు పుట్టినరోజు.”

“మరి దీన్ని ఎవరు తింటారు?” అన్నాడు కానిస్టేబుల్.

“చెయ్యి చాపినవాళ్లందరికీ పెడతానండి.”

కానిస్టేబుల్ కాసేపు సీసా వంక చూసేడు. తరవాత దాన్ని గోదాట్లోకి విసిరేసి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, చెయ్యి చాపేడు.

నేనూ చాపేను. కేకు తియ్యగా, కాస్త ఘాటుగా ఉంది. ఆవిడ డబ్బా మూసుకుని అమలాపురం బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ బాబు పేరేమిటని మా ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు.