నాయిన చేయించిన ఇరుసులు

మా నాయినకు ఒక అలవాటుంది. కొనబోయే వస్తువు ఏదైనా సరే, ముందు దాన్ని పట్టుకుని ఊపి చూస్తాడు. కుర్చీ అయితే వీపు పట్టుకుని ఊపుతాడు, మంచమైతే కోడు పట్టుకుని, ట్రాక్టరు ట్రాలీ అయితే చక్రం పట్టుకుని. మా మేనత్తకు సంబంధం చూడబోయినప్పుడు ఆ ఇంటి గేటు కూడా ఊపి చూశాడని మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఊగిందా, ఇక బేరం లేదు. ఊగేదేదైనా ఒకనాటికి ఊడేదేనన్నది ఆయన శాస్త్రం. సేద్యం చేసిన రోజుల్లో ఆ శాస్త్రం ఆయన్ను ముంచలేదు, తర్వాత ప్లాట్ల వ్యాపారంలోకి దిగినా ముంచలేదు. కాబట్టి దాన్ని మార్చుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు.

మాది మేడ్చల్. శామీర్‌పేట చెరువు దాటాక కరీంనగర్ రోడ్డు మీంచి కొంచెం లోపలికి పోతే నాయిన వేసిన వెంచరు వస్తుంది. పెద్ద కమాను, పసుపూ నలుపూ రంగులేసిన అంచు రాళ్ళు, అద్దంలాంటి తారు రోడ్లు, మనిషి ఉండే ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. కమాను దగ్గర మొదలైన రోడ్డు చక్కగా వాలుగా దిగి, చివర ఒక పెద్ద రాతి గుండు చుట్టూ వంపు తిరుగుతుంది. ఆ గుండును పగలగొట్టడం తమ వల్ల కాదని మిషన్లవాళ్ళు చేతులెత్తేస్తే రోడ్డునే పక్కకు తిప్పారు. ముప్పై దాటిన నేను, ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ ఉద్యోగం చేసుకునే నేను, ఆ వాలు మీద లాంగ్‌బోర్డు నేర్చుకున్నాను. అంటే పొడుగాటి చెక్క, దాని కింద నాలుగు చక్రాలు, మీద నిలబడి జారుకుంటూ పోవడం. మా అవ్వ దాన్ని నా పీట అంటుంది. ఆ పీటెక్కి గాలికి ఎదురు దిగుతుంటే నాకు కలిగే సంతోషం మరి దేంట్లోనూ కలగలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ చెక్కకూ చక్రాలకూ నడుమ ఉండే లోహపు భాగాన్ని ట్రక్కు అంటారు. ముందొకటి, వెనకొకటి ఉంటాయి. చక్రాల ఇరుసు అందులోనే ఉంటుంది, పైన రబ్బరు బుష్షులుంటాయి. మనం ఒక పక్కకు ఒరిగితే బుష్షు నలుగుతుంది, ఇరుసు తిరుగుతుంది, దాంతో బోర్డు కూడా ఆ పక్కకు తిరుగుతుంది. దానికి వేరే హ్యాండిల్ లేదు, ఉన్నదల్లా ఆ ఒరగడమే. మా ఇంట్లో అందరూ దాన్ని ఇరుసనే అన్నారు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

ఒక ఆదివారం ముందు ఇరుసు పుటుక్కున విరిగింది. ఆదివారమంటే మా వెంచర్లో పండగే. షామియానా వేస్తారు, బగారన్నం వండిస్తారు, కార్లలో జనం ప్లాట్లు చూడ్డానికొస్తారు. పిల్లలతో వచ్చిన ఒక కుటుంబానికి నాయిన ఈ రోడ్లు ఎంత భద్రమైనవో చెప్తున్నాడు. ఆయన మాట పూర్తయ్యేలోగా నేను వాళ్ళ కాళ్ళ ముందు బోర్లా పడ్డాను. మణికట్టు విరిగింది. ఆ కుటుంబం బగారన్నం తిని, చేతులు కడుక్కుని, మళ్ళీ కనిపించలేదు.

ఆసుపత్రికి పోయే దారిలో నాయిన నన్ను తిట్టలేదు. ఇంటికొచ్చాక బోర్డును స్టోర్ రూములో పెట్టి తాళం వేసి, తాళంచెవి బనీను జేబులో వేసుకున్నాడు.

"ఇరగని ఇరుసు దొరికినంకనే ఇది బయటికొస్తది. నేను జూసి మంచిదంటేనే. లేకుంటే నీళ్ళ పొయ్యిల వెడ్త," అన్నాడు.

ఆయన అన్నంత పనీ చేస్తాడు. నాకు నిజంగా భయం వేసింది. ఆ వాలు లేకపోతే నా వారంలో మిగిలేది లాప్‌టాప్, వంకాయ కూర, మళ్ళీ లాప్‌టాప్.

చేతికి కట్టు ఉన్నన్నాళ్ళూ ఇరుసుల మీద పెద్ద చదువే చదివాను. విరిగిన ముక్కను చూస్తే లోపలంతా పాత రస్కులాగా బొక్కలు. కరిగించిన లోహాన్ని చౌకగా అచ్చులో పోసి చేసింది అది. కాల్చి, ఒత్తిడితో గట్టిపరిచి చేసినవి వేరే ఉంటాయి. అవి అంత తేలిగ్గా విరగవు. ఇరుసు కడ్డీ వంకర లేకుండా ఉండాలి. బుష్షులు అరిగితే మార్చుకునే వీలుండాలి. నట్లు మేడ్చల్ బజార్లో దొరికే సైజువై ఉండాలి, లేకపోతే ఒక నట్టు కోసం నెలలు ఎదురుచూడాలి. ఇదంతా నాయినకు ఓపికగా చెప్పాను. ఆయన కూడా ఓపికగా విని, ముందు చూద్దాం పద అన్నాడు.

అల్వాల్ దాటి సిటీలోకి పోతే ఇలాంటివి అమ్మే షాపు ఒకటుంది. చెవికి పోగు పెట్టుకున్న షాపతను మంచి ఇరుసులన్నీ బల్ల మీద పరిచాడు. నాయిన ఒక్కొక్కటీ తీసుకుని ఊపాడు. అన్నీ ఊగాయి. రబ్బరు బుష్షు ఉన్నాక ఊగక ఏం చేస్తాయి? అలా ఊగడమే వాటి పని అని షాపతను చెప్పాడు, నేనూ చెప్పాను. గోడకు చెప్పినట్టే. షాపు బాగుందిగానీ ఒక్కటి కూడా టైటుగా లేదని, అమ్మేముందు బిగించి పెట్టుకోవాలి కదా అని ఆయన షాపతనికే బుద్ధి చెప్పి బయటకు నడిచాడు. కారులో నేను అరిచిన అరుపులకు తిరుమలగిరి సిగ్నల్ దగ్గర పక్క ఆటోవాడు మావైపు తొంగి చూశాడు.

తర్వాత నాయిన తన దారిన తను పోయాడు. మాకు ట్రాలీలు చేసిపెట్టే వర్క్‌షాపులో కూర్చుని, దగ్గరుండి రెండు ఇరుసులు చేయించాడు. ట్రాలీలకు వాడే ఉక్కుతోనే చేయించాడు. రబ్బరు లేదు, బుష్షు లేదు, కదిలేదంటూ ఏదీ లేదు, అంతా వెల్డింగే. పైన ట్రాలీలకు మిగిలిన ఎర్ర రంగు. బోర్డుకు బిగించాక దాన్ని రెండు చేతులతోనూ ఎత్తలేకపోయాను. నాయిన మాత్రం దాన్ని పట్టుకుని ఊపబోయి, అది కదలకపోయేసరికి మురిసిపోయాడు.

ఇది తిరగదు నాయినా అన్నాను. తిరగకుంటే సీదా పోతది, సీదా పోయేటోళ్ళకు ఎన్నడూ ఏం గాదు అన్నాడు. నాకు కోపం నషాళానికంటింది. సరే, నీ ముందే ఎక్కుతాను, నువ్వే చూడు అన్నాను.

ఎక్కే ముందు పూజ జరగాలి కదా. మా ఇంట్లో సైకిలైనా పూజ లేకుండా గేటు దాటదు. నాయిన కమాను దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. అవ్వ చెక్కకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కారు చక్రం కిందైతే నిమ్మకాయ పచ్చడైపోతుంది. ఇక్కడ నిమ్మకాయే చక్రమంత ఉంది. నేనెక్కి తోస్తే బోర్డు నిమ్మకాయల మీద నిక్కి ఆగిపోయింది. నిమ్మకాయ నలగకపోతే అపశకునమని అవ్వ పట్టుబట్టింది. ప్లాట్లు చూడొచ్చిన జనం చేతుల్లో మజ్జిగ గ్లాసులతో చుట్టూ చేరి చూస్తుంటే, నాయిన చెప్పు విప్పి నిమ్మకాయలన్నిటినీ మడమతో తొక్కి చంపాడు.

దిగాను. బరువుకు బోర్డు ఎప్పుడూ లేనంత వేగంగా, నాయిన చెప్పినట్టే సీదాగా పోయింది. రోడ్డు వంపు తిరిగింది. నేను ఒరిగాను. ఇంకా ఒరిగాను. బోర్డు మాత్రం తన మాట మీద తాను నిలబడింది. గుండు దగ్గరికొచ్చేస్తోంది. ఇక లాభం లేదని పక్కనున్న గడ్డిలోకి దూకేశాను. వెనక ఢమాలుమని చప్పుడైంది.

నాయిన పరుగెత్తుకొచ్చాడు. నేను లేచి కూర్చుని ఉండటం చూసి, గుండు దగ్గర పడున్న బోర్డును తిప్పి చూశాడు. చెక్క ముందు భాగం చీలిపోయింది. ఎర్ర రంగు కూడా పోలేదు ఇరుసుకు.

"జూసినవా? ఇరుసుకు ఏం గాలే," అన్నాడు.

వెనకే ఆయాసపడుతూ వచ్చిన అవ్వ, ఆయన్ను ఎగాదిగా చూసింది.

"అవ్‌రా. ఇరుసు మస్తుగుంది. ఇగ మనిషే ఇరగాలె," అంది.

నాయిన నా పక్కన కూర్చుని, నా బట్టలకు గుచ్చుకున్న పల్లేరుకాయలు ఏరడం మొదలుపెట్టాడు. అన్నీ ఏరేశాక కూడా ఏమీ లేని చోట వెతుకుతూనే ఉన్నాడు. నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగేశాను.

ఆ సాయంత్రం అవ్వ చాటలో బియ్యం చెరుగుతూ ఆయన్ను ఒకే ఒక్క మాట అడిగింది. మీ బాపు కాడిని బండికి మేకులు కొట్టి ఎందుకు బిగించలేదురా, తాడుతో ఎందుకు కట్టేవాడు అని. ఎడ్లు తిరగాలంటే కాడి కాస్త ఆడాలని తెలియని మనిషి కాదు మా నాయిన. లేచి పెరట్లోకి పోయి అటూ ఇటూ తిరిగాడు. పొద్దున్నే కారు తుడిచి, ఆ చెవిపోగు పిలగాని దుకాణం ఎప్పుడు తెరుస్తారని నన్నడిగాడు.

షాపులో మొదటిసారి చూసిన ఇరుసులనే ఆయన మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి ఊపలేదు. వాటిని ఒక కొత్త బోర్డుకు బిగించమని చెప్పి, నా భుజం పట్టుకుని తనే ఎక్కి నిలబడ్డాడు. ఎడమకు ఒరిగాడు, కుడికి ఒరిగాడు. ఒరిగిన ప్రతిసారీ ఇరుసు ఒరిగి, వదలగానే మళ్ళీ తన చోటికొచ్చింది. దిగాక కూడా నా భుజం మీది చెయ్యి తీయలేదు.

"నువ్వు వడ్డప్పటిసంది ఊగేది ఏది జూసినా నా పానం ఆగుతలేదు బిడ్డా. గందుకే కదలకుంట జేయించిన," అన్నాడు.

నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళూ ఈ మనిషి మొండితనం మీద కోపంతో ఊగిపోయాను, అది భయమని ఒక్కనాడూ అనుకోలేదు. ఇంకెంతసేపు ప్యాక్ చేస్తావని షాపతని మీద విసుక్కున్నాను.

మళ్ళీ ఆదివారం ఆ కొత్త బోర్డు మీద, ఆ ఇరుసులతో వాలు దిగాను. గుండు దగ్గర ఒరిగితే బోర్డు కూడా నాతోపాటు ఒరిగి, ఆ వంపంతా వెన్నలా తిరిగింది. కేకలు పెట్టుకుంటూ తిరిగి పైకొచ్చాను. నాయిన షామియానా కింద మజ్జిగ తాగుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. గ్లాసు ఖాళీ అయిపోయి చాలాసేపైంది.

అప్పుడే ఒక పెద్దమనిషి, వంపు దగ్గరున్న మూల ప్లాటు తనకు బాగా నచ్చిందని, అడ్వాన్సు ఇప్పుడే ఇస్తానని నాయిన దగ్గరికొచ్చాడు. ఒకటే కోరిక, వాలు మీద బండ్లు జోరుగా వస్తాయి కాబట్టి మధ్యలో ఒక స్పీడ్ బ్రేకర్ వేయించాలన్నాడు. గిరాకీ అడిగితే కమానునైనా జరిపించే మనిషి మా నాయిన. వాస్తు కుదరలేదని ఒకాయన కోసం కరెంటు స్తంభాన్ని పీకించి పక్కన పాతించిన మనిషి. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి నావైపు చూశాడు.

"బ్రేకర్ వెయ్య. గా రోడ్డు మీద మా బిడ్డ ఆడుతది," అన్నాడు.

ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాడు. తర్వాత ఆ మూల ప్లాటు కావాలని ఇంకొందరు వచ్చారు. అది అమ్మకానికి లేదని నాయిన వాళ్ళందరికీ చెప్తున్నాడు.