శుక్రవారం నాటి లాంతరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలకి బడి లేదు. అరసవల్లిలో స్వామి సేవ ముగించుకుని వచ్చాక మా తాతయ్య అరుగు మీద కూర్చోబెట్టి చెప్పే శ్లోకాలే చదువు. లెక్కలూ, భూగోళమూ మాత్రం మా పిన్ని చెప్పేది. మా అమ్మకి ఆఖరి చెల్లెలు ఆవిడ. తనూ ఇంట్లోనే చదివి, ప్రైవేటుగా మెట్రిక్ ప్యాసై, విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో చేరతానని అన్నం మానేసి మరీ సాధించింది. ఆవిడ హాస్టలుకి వెళ్ళిపోయాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. వీధిలోకీ పెరట్లోకీ ఊరికే తిరిగేదాన్ని. పలక ముట్టేదాన్ని కాదు.

ఇలా ఉండగా చీపురుపల్లి నుంచి మా బంధువు ఒకాయన వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే కబురు చెప్పేశాడు. పిన్ని జడ కత్తిరించుకుందట, మెడ దాకా. హాస్టలు చూసే దొరసాని ఒకావిడ ఉందట, పిల్లలకి ఈ వేషాలన్నీ ఆవిడ నేర్పినవేనట. మా అమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తాతయ్య మర్నాడు నన్ను వెంటబెట్టుకుని రైలెక్కారు. నన్ను చూస్తే పిన్ని ఎదురు చెప్పలేకపోతుందని ఆయన ఆలోచన. పిన్ని ఇంటికొచ్చేస్తుందని నాకు లోపల సంతోషం. తాతయ్య ముఖం చూస్తే భయం. రెండూ కలిసి ఆ దారంతా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

హాస్టల్లో పిన్నిని చూశాను. మెడ మీద జుట్టు చీపురు కొసలా ఉంది. తాతయ్య ఒక్కమాటే అన్నారు, "పెట్టె సర్దుకో" అని. పిన్ని బట్టలూ పుస్తకాలూ పెట్టెలో పెట్టేసింది. ఇక దొరసానితో చెప్పి వెళ్ళడమే మిగిలింది. హాస్టలు వెనకాలే ఆవిడ ఇల్లు. మేం గుమ్మం చేరేసరికి మబ్బు కమ్మి, చినుకు మొదలైంది.

దొరసాని అంటే నేను ఎవర్నో ఊహించుకున్నాను. ఈవిడ పొందూరు నేతచీర కట్టుకున్న ముసలావిడ. చెవుల దాకా కత్తిరించిన తెల్లజుట్టు. నోరు విప్పితే మా వీధిలో కూరలమ్మే ఆవిడ మాట. తెలుగంతా హాస్టలు వంటమనిషి దగ్గర నేర్చిందట.

"కూకోండి బాబూ. మీకు మంచినీళ్ళు ఇవ్వను, ఏటీ అనుకోకండి. మీరు పుచ్చుకోరని తెల్సు. నాకూ అలాటి యవ్వారవే" అంది.

తాతయ్య తన చెంబు పక్కన పెట్టుకుని చెక్క స్టూలు మీద కూర్చున్నారు. నేను గోడ మీద ఉన్న ఫోటో దగ్గరికి పోయాను. అందులో నలుగురైదుగురు ఆడపిల్లలు. మోకాళ్ళ దాకా గౌన్లు, నడుం దాకా పూసల దండలు, కత్తిరించిన జుట్లు.

"ఏటి పాపా, నవ్వుతన్నావు? ఆ సివరాకరి పొట్టిగౌనమ్మ నానే!"

వాన తగ్గేదాకా వెళ్ళే దారి లేదు. ఆవిడ చెబుతూ పోయింది, తాతయ్య గోడకేసి చూస్తూ విన్నారు. వాళ్ళు యూదులట. తాతల నాడు వ్యాపారానికి బాగ్దాదు నుంచి కలకత్తా వచ్చి స్థిరపడ్డారట. ఆవిడ కాలేజీ రోజుల్లో ఆడపిల్లలు జుట్టు కత్తిరించుకోవడం, గ్రామఫోను పెట్టుకుని డాన్సులు చెయ్యడం కొత్తగా వచ్చాయట. ఆవిడా అన్నీ చేసింది. అయితే విందులకి వెళ్ళినా అక్కడి తిండి తన మతానికి కూడదని, పూసల సంచీలో ఉడకబెట్టిన గుడ్లు పట్టుకెళ్ళేదట. శుక్రవారం మాత్రం ఎంత పెద్ద డాన్సున్నా పొద్దుగూకే వేళకి ఇంటికెళ్ళి దీపాలు పెట్టాల్సిందేనట. జుట్టు కత్తిరించుకున్న రోజు నుంచి వాళ్ళ నాన్న ఆవిడతో మాట మానేశారట.

అక్కడ తాతయ్య మొదటిసారి నోరు విప్పారు. "మళ్ళీ మాట్లాడేరా?"

"మాటాడలేదు బాబూ. శుక్రవారం బోజనాల కాడ పాట పాడతాం మేము. ఆ పాటలో నా గొంతుతో గొంతు కలిపేరు. నాకదే సాలు."

ఆరోజు శుక్రవారమే. ఆవిడ లేచి, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలిగించింది. తలమీద కొంగు కప్పుకుని, చేతులతో కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంది. తాతయ్య తనకి తెలియకుండానే లేచి నిలబడ్డారు.

కాసేపటికి బయట పూర్తిగా చీకటి పడింది. గాలి విసురుకి కరెంటు పోయింది. కిటికీ రెక్క ఊడినట్టు తెరుచుకోవడంతో రెండు దీపాలూ కొండెక్కేశాయి. మా ఇంట్లో అయితే అమ్మమ్మ ఆ క్షణమే అగ్గిపుల్ల గీసేది. ఆవిడ కదల్లేదు. లాంతరు మేకుకి వేలాడుతోంది, అగ్గిపెట్టె బల్ల మీదే ఉంది, అయినా చీకట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు వింతగా ఉంది. ఎవరూ వెలిగించరేం?

పిన్ని గొంతు తగ్గించి తాతయ్యకి చెప్పింది. "శుక్రవారం పొద్దుగూకేక, రేపు చీకటి పడేదాకా వాళ్ళ మతంలో నిప్పు ముట్టకూడదు నాన్నా. వెలిగించమని మనల్ని అడగనూ కూడదు. ఆవిడ కోసమని మనం వెలిగించినా ఆ వెలుగు ఆవిడకి పనికిరాదు. మన పనికి మనం వెలిగించుకుంటే మటుకు తప్పులేదు. అందుకే శుక్రవారం శుక్రవారం మాలో ఎవరో ఒకరం వచ్చి, లాంతరు పెట్టుకుని ఇక్కడ చదువుకుంటాం."

"మరింకేం, వెలిగించు."

"ఎలా వెలిగించను నాన్నా? పుస్తకాలు పెట్లో సర్దీసేను కదా."

చీకట్లో తాతయ్య ముఖం నాకు కనబడలేదు. ఆయన దొరసానితో అన్నారు. "సరే అమ్మా. మా మనవరాలికి చీకటంటే భయం. దానికోసం వెలిగిస్తున్నాను" అంటూ అగ్గిపెట్టె తడిమారు.

"నాకేం భయం లేదు తాతయ్యా!" అన్నాను నేను. అబద్ధం ఆడకూడదని నేర్పింది ఆయనే మరి.

దొరసాని పకపకా నవ్వింది. "బలేదానివే పాపా, మీ తాతని పట్టించీసేవు!" పిన్ని కూడా నవ్వబోయి, మధ్యలో ఏడ్చేసింది. తాతయ్య అగ్గిపెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నియమం అంటే ఆయనకి ప్రాణం. పిల్ల పేరు చెప్పి అబద్ధమాడి ఇంకొకరి నియమానికి సాయం చెయ్యడం ఆయన వల్ల కాదు. నిజమైన పని ఒకటి కావాలి.

చివరికి పిన్నితో అన్నారు. "పెట్టె తెరువు. పుస్తకం తియ్యి."

"నాన్నా?"

"చదువుకో. రేపు కాలేజీ ఉంది కదూ?"

ఆయనే అగ్గిపుల్ల గీసి లాంతరు వెలిగించారు. పిన్ని దాని పక్కన కూర్చుని పుస్తకం తెరిచింది. అక్షరాలు కనబడ్డాయో లేదో తెలీదు, కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఆ వెలుగులో దొరసాని రెండు చేతులూ ఎత్తి తాతయ్యకి దండం పెట్టింది. తిరిగి ఆయనా పెట్టారు.

తిరుగు రైల్లో నా పక్కన పిన్ని లేదు. ఇంటికొచ్చేస్తుందనుకున్న మనిషిని నేనే అక్కడ వదిలేసి వచ్చినట్టనిపించి కిటికీకి తల ఆనించి ఏడ్చాను. తాతయ్య నా తల మీద చెయ్యి వేసి, "లెక్కలు ఇకమీదట నేను చెబుతాలే" అన్నారు. చెప్పారు కూడా. సగం తప్పులే. పిన్ని జుట్టు ఊసు మాత్రం ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నేను ఏ కాలేజీ గుమ్మమూ ఎక్కలేదు. దానికి నాకు చింత లేదు. ఇంట్లో నేర్పినవాళ్ళందరికీ రుణపడే ఉన్నాను. ఇప్పటికీ శుక్రవారం సాయంత్రం దీపం పెట్టాక వెంటనే లేచిపోలేను. ఏదో ఒక పుస్తకం తెచ్చుకుని ఆ వెలుగులో ఒక పేజీ అయినా చదువుతాను. ఇన్వర్టర్ ఉందిగా, కళ్ళు పాడుచేసుకోకు అని కోడలు కోప్పడుతుంది. అలాగే అమ్మా అంటాను, చదువుతూనే ఉంటాను. ఎక్కడో చీకట్లో ఎవరో అడగలేక కూర్చుని ఉన్నారేమోననీ, నేను నా కోసం వెలిగించుకున్న ఈ కాస్తా వాళ్ళకీ చేరుతుందేమోననీ నాకు అనిపిస్తూ ఉంటుంది.