మాటల వెనుక చప్పుడు

కోడలి శ్రీమంతానికి తాంబూలాలు కట్టాలని మా ఆడబిడ్డ హాల్లో కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. అడకత్తెర మూసుకున్నప్పుడల్లా కటుక్కుమంటోంది. వంటింట్లో పప్పు కలుపుతున్న నా చేయి గరిటెతో సహా ఆగిపోయింది. ఈ రోజుల్లో ఇంట్లో వక్కలు కత్తిరించేవాళ్లు ఎవరున్నారు, అన్నీ ప్యాకెట్లలోనే దొరుకుతుంటే? ఆ చప్పుడు విని చాలా ఏళ్లయింది. వినగానే జగిత్యాలలో ఆ పెంకుటిల్లు, దాని వసారా, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్న ఆండాళమ్మ కళ్ల ముందు మెదిలాయి. ఆమె ఏదైనా ఆలోచిస్తోందంటే చేతిలో అడకత్తెర ఆడాల్సిందే. తను మాత్రం ఒక్క పలుకు నోట్లో వేసుకునేది కాదు. కత్తిరించినవన్నీ ఇంటికి వచ్చినవాళ్ల కొంగుల్లో పోసి పంపేది.

ఆమె పేరు ఇప్పటివాళ్లకు తెలియదు. ఒకప్పుడు వారపత్రికలో ఆమె సీరియల్ కోసం ఎదురుచూసిన ఆడవాళ్లు మా జిల్లాలో ఇంటికొకరు ఉండేవారు. రాసినవన్నీ ప్రేమకథలే. బుగ్గారం వైపు ఒక ఊళ్లో దొరల ఇంటి కోడలు, భర్త చిన్నతనంలోనే పోయాడు. నక్సలైట్ అన్నల జోరు పెరిగి దొరలు ఒక్కొక్కరే ఊళ్లు వదిలిన రోజుల్లో ఆమె కూడా గడికి, కోటలాంటి ఆ ఇంటికి తాళం వేసి, పుస్తకాల పెట్టెతో జగిత్యాలకు వచ్చేసింది. నాదీ ఆ పక్క ఊరే. మేము వ్యవసాయం చేసుకునేవాళ్లం. మా ఆయన మల్లేశం పెళ్లయిన మరుసటేడే దుబాయి పోయాడు. ఊళ్లో ఇవాళ పోలీసులు, రేపు అన్నలు, ఒంటరి ఆడదానికి కంటి మీద కునుకు ఉండేది కాదు. అందుకని జగిత్యాలలో ఆమె ఇంటి వెనుక గది కిరాయికి తీసుకుని బట్టలు కుట్టుకునేదాన్ని.

మొదటి రోజు నేను గడప బయటే నిలబడిపోయాను. దొర్సాని ముందు కూర్చోవడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆమె కాసేపు చూసి విసుక్కుంది.

"కూసో పద్మా. నువ్వు నిలవడితే నేను సుత నిలవడాలె. నాకు మోకాళ్లు గుంజుతున్నయి."

కూర్చున్నాను, అదీ చాప కొసన. ఆ చాప మధ్యలోకి జరగడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. ఆమెకు నా భయం తెలుసు. ఒకసారి తనే అంది, "గడిల గంతమంది పనోళ్లుండె బిడ్డా. ఒక్కళ్లన్న నాతోని మనసుల మాట చెప్పలే. ఎట్ల చెప్తరు? తలకాయ ఎత్తనిస్తే గద. గీడికొచ్చినంకనే నాకు కతలు దొరుకుతున్నయి." ఊరు వదిలి వచ్చిన దొరల ఇళ్లలో ఎక్కడ విన్నా పోయిన భూముల ఏడుపే. ఈమెకు మాత్రం ఆ ఊసే లేదు. అందుకే నాకు ఆమె అంటే మొదట ఆశ్చర్యం, తర్వాత గౌరవం, ఆ తర్వాత చెప్పలేనంత ఇష్టం.

గడిలో ఉండి రాసిన మొదటి నవలలను తనే వెక్కిరించుకునేది. వాటిలో హీరోకు కారు, హీరోయిన్‌కు పియానో, ఇద్దరికీ చూడని కొండలు ఉండేవి. జగిత్యాలకు వచ్చాక ఆమె పద్ధతి మారింది. కథలో మనుషులు ఏం పని చేస్తారో ఆ పని దగ్గర కూర్చోనిదే కలం పట్టేది కాదు. మరమగ్గాల మీద ప్రేమకథ రాయాలని ఒకసారి నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్లకు బస్సెక్కింది. ఆ షెడ్డులో అడుగుపెడితే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. బయటికి వచ్చాక కండెలు చుట్టే ఒకామెను పట్టుకుని అడిగింది.

"గింత మోతల ప్రేమ మాటలు ఎట్ల చెప్పుకుంటరే?"

ఆమె సిగ్గుపడి నవ్వింది. "చెప్పుకునుడేంది దొర్సానీ. మా ఆయన చాయ్‌కి పోయొచ్చేటప్పుడు నాకోటి పట్టుకొస్తడు. సల్లారకుంట చేతులడ్డం పెట్టి తెస్తడు."

తిరుగు ప్రయాణంలో ఆండాళమ్మ బస్సు కిటికీలోంచి చూస్తూ రెండు అరచేతులూ లేని గ్లాసు చుట్టూ పెట్టుకుని కూర్చుంది. నాకు నవ్వొచ్చింది కానీ, పత్రికలో ఆ అధ్యాయం వచ్చినప్పుడు ఏడ్చాను. ఇంకోసారి కోరుట్ల బస్టాండులో మధ్యాహ్నమంతా కూర్చున్నాం. బొంబాయి మీదుగా గల్ఫ్ పోయేవాళ్లను సాగనంపడానికి పెళ్లాలు వచ్చేవారు. బస్సు కదిలే ముందు ఏం మాట్లాడుకుంటారో వినాలని ఆమె ఆశ. ఒక్కరంటే ఒక్కరు ప్రేమ గురించి మాట్లాడలేదు. "బర్రెకు నీళ్లు వెట్టుడు మరువకు," అన్నాడొకాయన, అంతే, బస్సు పోయింది. ఆ మాట తలచుకుని ఆమె దారి పొడుగునా మురిసిపోయింది.

ఆ రోజే అడిగింది నన్ను, మా ఆయన క్యాసెట్ల గురించి. అప్పట్లో ఫోన్లెక్కడివి. దుబాయి నుంచి సెలవుపై వచ్చేవాళ్ల చేతికి మల్లేశం క్యాసెట్ ఇచ్చి పంపేవాడు, ఒకవైపు నిండా తన మాటలే. నేను విని, నా మాటలు ఇంకో క్యాసెట్లో నింపి, పోయేవాళ్ల చేతికి ఇచ్చేదాన్ని. మొగుడూ పెళ్లాల సంసారమంతా ఆ టేపులోనే. ఎవరికైనా వినిపిస్తామా? నేను తల దించుకున్నాను.

"మాటలు నీయి బిడ్డా, నాకొద్దు," అందామె. "ఎన్క సప్పుడు నాకియ్యి. ఆయన పండుకునే అర్ర ఎట్లుంటదో, ఆయన చుట్టుముట్టు ఏముంటదో. మాటలచ్చిన కాడ నువ్వే బంద్ జెయ్యి."

అట్లా మొదలైంది మా పని. ముందు నేనొక్కదాన్నే క్యాసెట్ వినేదాన్ని. మల్లేశం ఊపిరి తీసుకునే చోట, గ్లాసు నీళ్లు తాగే చోట, తలుపు తీయడానికి లేచే చోట టేపు ఆపి ఆమెను పిలిచేదాన్ని. అప్పుడు ఆమె కళ్లు మూసుకుని వినేది. బకెట్లో నీళ్లు పడుతున్నాయి. ఎవరో దగ్గుతున్నారు. ఎవరో గోడకు కొబ్బరికాయ కొడుతున్నారు. అన్నిసార్లు విన్నా ఆ దగ్గు నా చెవిన పడనే లేదు. ఆమె చెప్పాకే తెలిసింది, మా ఆయన ఎంత ఇరుకు గదిలో, ఎందరి మధ్య, గొంతు ఎంత అణచుకుని ఆ మాటలు చెప్పాడో. నా మొగుణ్ని నేను ఆమె చెవులతోనే ఇంకొంచెం ఎక్కువ ప్రేమించానంటే అబద్ధం కాదు.

మా సందులో సోదాలు జరిగింది ఆ ఎండాకాలమే. ఊళ్ల నుంచి వచ్చి కిరాయికి ఉంటున్నవాళ్ల గదులన్నీ పోలీసులు తిరగేస్తున్నారు. అన్నల పాటల క్యాసెట్లు దొరికితే మనిషిని తీసుకుపోతారని అందరికీ తెలుసు. పట్టపగలు నా గదిలోకి వచ్చారు. చీరల కింద నుంచి కానిస్టేబుల్ క్యాసెట్లన్నీ తీసి వసారాలో పోశాడు. టేప్ రికార్డర్ కూడా తెచ్చి వసారా గోడకున్న ప్లగ్గుకు తగిలించాడు. ఎస్సై ఒక క్యాసెట్ ఎత్తి, పెట్టి, మీట నొక్కాడు. వాకిట్లో సగం సందు జనం.

మల్లేశం గొంతు. "ఇగో... ఇంటున్నవా? పండుకుంటే నీ తలనూనె వాసన యాదికొస్తున్నదే..."

కానిస్టేబుళ్లు కిసుక్కుమన్నారు. తర్వాతి మాట ఏమిటో నాకు తెలుసు. ఆ మాట ఆ మగవాళ్ల చెవిన పడితే నేను బతకను అనుకున్నాను. మా వైపు మగవాళ్లు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవరు. మల్లేశం ఏ క్యాసెట్లోనూ నా పేరు ఎత్తలేదు. ఆ సంగతి నాకు తట్టకముందే ఆండాళమ్మకు తట్టింది. లేచి వెళ్లి ఎస్సై పక్కన నిలబడింది.

"బంద్ జెయ్యుండ్రి సార్. అవి నాయి. పిల్ల అర్రల దాచిపెట్టిన."

"మీవా? ఎవరీ మగమనిషి?"

"నా నవలల హీరో. దుబాయిల ఉంటడు గాయన. కతకు గావాలెనని ఒకాయనతోని మాట్లాడిచ్చి నింపుకున్న."

"మీలాంటి పెద్దింటివాళ్లు ఇలాంటి మాటలు రికార్డు చేయించడమేంటమ్మా?"

"ప్రేమకతలు రాసేదాన్ని, గిసుంటియి గాకుంటె పంచాంగం చదివించుకోమంటరా?"

వాకిట్లో ఎవరో నవ్వారు. ఎస్సై ముఖం ఎర్రబడింది. తన ఇంట్లోవాళ్లు ఆమె సీరియల్ చదువుతారని ఏదో గొణిగి, మీట నొక్కి ఆపేశాడు. తర్వాతి మాట టేపులోనే ఉండిపోయింది.

నాకు తప్పింది ఆమెకు చుట్టుకుంది. ముసలితనంలో దొర్సాని మగవాళ్ల గొంతులు పెట్టెలో దాచుకుందని పట్నమంతా పాకింది. హైదరాబాదు నుంచి మరిది వచ్చి వాకిట్లోనే కేకలు వేశాడు, ఇంటి పరువు బజారున పెట్టావని. ఆమె వక్కలు కత్తిరిస్తూనే ఉంది.

"పరువు గడిల్నే ఉండిపోయింది తమ్మీ. పోయి తెచ్చుకోపో."

గడి గడప తొక్కే ధైర్యం ఆయనకెక్కడిది? వచ్చిన కారులోనే పోయాడు. కానీ ఆ ఏడు ఆయన బిడ్డ పెళ్లికి ఆమెను పిలవలేదు. ఆ పిల్లను చిన్నప్పుడు పెంచింది ఈమే. పెళ్లి రోజు ఆమె అడకత్తెర ముట్టుకోలేదు, అన్నం తినలేదు. నేను పోయి నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్తే ఏమైతది?" అందామె. "గా మాటలు నీయి అయితయి. బజారంత నీ మొగని మాటలు నెమరేస్తది. నా మీదుంటే అవి ఉత్త కత. ఉండనియ్యి."

దుబాయి నవల మొదలైనప్పుడు ప్రతివారం భయంభయంగా పత్రిక తెరిచాను. తలనూనె మాట ఎస్సై విన్నాడు, ఊరు విన్నది, ఇక రాసినా తప్పు లేదు. రాయలేదు. మల్లేశం మాట ఒక్కటీ లేదు. బకెట్టు ఉంది, దగ్గు ఉంది, కొబ్బరికాయ ఉంది. ఆ పత్రిక చేతులు మారి దుబాయి దాకా పోయింది. తర్వాతి క్యాసెట్లో మల్లేశం అబ్బురపడ్డాడు. "మీ దొర్సాని మా అర్ర సూశినట్టే రాసిందే! మా నర్సన్న దగ్గు సుత రాసింది!"

నా చేత ఇంటర్ కట్టించింది, ఆ పై చదువులు చదివించింది, తెలుగు పంతులమ్మను చేసింది ఆమే. నేను ముస్తాబాద్ బడిలో పని చేస్తుండగా పోయింది. గడి వైపు నుంచి ఎవరూ రాలేదు. సందులో ఆడవాళ్లం అందరం వెళ్లాం.

శ్రీమంతం అయ్యాక నిన్న పెట్టె దించాను. మల్లేశం దుబాయి నుంచి తిరిగొస్తూ నా క్యాసెట్లన్నీ వెంట తెచ్చుకున్నాడు. వాటిని మేము మళ్లీ ఎప్పుడూ పెట్టుకోలేదు, సిగ్గో ఏమో. కొడుకు పాత టేప్ రికార్డర్ బాగు చేయించి ఉంచాడు కాబట్టి ఒకటి పెట్టి, తలుపు దగ్గరేసి విన్నాను. పడుచు గొంతుతో నేను. వానల గురించి, కిరాయి గది గురించి, మా అమ్మ పంటి నొప్పి గురించి చెబుతున్నాను. నా వెనుక వసారాలో కటుక్... కటుక్... ఆమె ఫొటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఉన్నదిదే.

కాసేపటికి నా గొంతు తగ్గింది. మొగుడికి తప్ప చెప్పని మాట మొదలుపెట్టబోతున్నాను. అప్పుడు కటుక్కుమనడం ఆగింది. చెప్పులు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు. పెరటి తలుపు కిర్రుమంది. దూరంగా బావి గిలక మోత, ఆగకుండా. అన్ని నీళ్లతో ఆ ఇంట్లో పనేముంది? ఊళ్లు పట్టుకు తిరిగి ప్రేమ మాటల కోసం వెతికిన మనిషి, గోడ అవతల అవి దొరుకుతుంటే లేచి వెళ్లి నీళ్లు తోడుతోంది. మోకాళ్ల నొప్పితో.

అప్పుడు నేను గమనించనే లేదు. నా మాట నేను చెప్పుకుని, "ఇగ ఉంట," అన్నాను. గిలక ఆగింది. చెప్పులు తిరిగి వచ్చాయి. కటుక్.