హెడ్‌లైట్లు వెలగని ఆ సాయంత్రాలు

మా చిన్నప్పుడు... మా ఇంటి అరుగు ముందు కారు నిలబెట్టి, లోపల్నుంచి మా నాన్న కేకేస్తున్నాడు.

"వెలిగిందేటే గుంటా?"

నేను కారుకి ఎదురుగా, రెండు హెడ్‌లైట్ల మధ్యా నిలబడి ఉన్నాను.

"లేదు నాన్నా!"

"ఇప్పుడో?"

"మినుక్కుమంది... మళ్ళీ ఆరిపోయింది!"

అరవైల్లో మాట ఇది. అనకాపల్లిలో మాకు ఓ బాడుగ కారుండేది. ఎవరో బెల్లం షావుకారు వాడి వాడి విసుగెత్తి అమ్మేసిన పాత ఇంగ్లీషు బండి. నల్లగా, గున్న ఏనుగులా ఉండేది. స్టీరింగు పక్కన గుండ్రటి పిడి ఒకటి... అదే దీపాల స్విచ్చి. కొంచెం లాగితే చిన్న దీపాలు, ఇంకాస్త లాగితే పెద్ద దీపాలు. ఆ పెద్ద దీపాలే మొరాయించేయి. చక్రం గోతిలో పడితే చాలు, ఠప్పున ఆరిపోయేవి. పిడిని చేత్తో లాగి పట్టుకుంటే మళ్ళీ వెలిగేవి. ఒక చెయ్యి స్టీరింగుకి, ఒక చెయ్యి పిడికి... మరి గేరు మా తాత మారుస్తాడా?

ఓసారి కొండకర్ల దారిలో పెళ్ళివారిని తీసుకొస్తుంటే దీపాలు ఆరిపోయి, బండి గట్టు దిగి పొలంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఇంటికి రాగానే నాన్న, "దీపాలు బాగయ్యేదాకా పొద్దుగూకేక బండి తియ్యను" అని తేల్చేసేడు.

నాన్నకి అది దిగులు... నాకు మాత్రం పండగే పండగ!

ఎందుకంటారా... అమ్మ నా ఐదో ఏటే పోయింది. తోడబుట్టినవాళ్ళు లేరు. బాడుగలన్నీ సాయంత్రాలే వచ్చేవి. పెళ్ళిళ్ళని, రైలుకెళ్ళేవాళ్ళని... నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. పక్కింటి సింహాచలం అప్ప వచ్చి కిరసనాయిలు బుడ్డి వెలిగించి, "తలుపేసుకోయే" అని వెళ్ళిపోయేది. పాపం ఆవిడకీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు కదా.

ఇంక ఆ తరవాత నేనూ, గోడమీద బల్లీ. ఇంట్లో మనిషి గొంతు వినపడాలని పాఠాలు గట్టిగట్టిగా చదివేదాన్ని. చదివి, "అర్థమయిందా?" అని నన్ను నేనే అడిగేదాన్ని. జవాబెవరు చెబుతారు! ఒంటరితనం అనే మాట అప్పుడు తెలీదు గానీ... పొట్టలో అదోలా ఉండేది. ఆకలనుకునేదాన్ని.

అలాంటిది... రోజూ పొద్దుండగానే నాన్న ఇంట్లో! బడి సంచీ అరుగు మీద పడేసి కారు ముందుకి పరిగెత్తేదాన్ని. లోపల కూర్చున్నవాడికి దీపం వెలిగిందో లేదో తెలీదు కదా, చెప్పడానికి ఎదురుగా ఓ మనిషి ఉండాలి. ఆ మనిషిని నేనే! ఎండలో దీపం సరిగ్గా ఆనదు... అందుకని అద్దం మీద అరచెయ్యి పెట్టేదాన్ని. వెచ్చబడితే వెలిగినట్టు.

నాన్న ముందు బల్బులు మార్చేడు. లాభం లేదు. బ్యాటరీ మీద పేరుకున్న తెల్లటి చిలుము వేణ్ణీళ్ళతో కడిగేడు. "హారను మోగుతోంది కదే, బ్యాటరీ గట్టిదే" అన్నాడు. ఫ్యూజు గీకేడు. అబ్బే! సింహాచలం అప్పయితే "ఎవలి కన్నో పడిందిరా, నిమ్మకాయ కట్టు" అని ఒకటే పోరు. కట్టేడు కూడా! నిమ్మకాయ ఎండింది గానీ దీపం వెలగలేదు.

ఆఖరికి ఓరోజు స్విచ్చి వెనకున్న తీగలు విప్పి, స్విచ్చితో పనిలేకుండా నేరుగా కలిపేడు. కాసేపటికి నా అరచెయ్యి వెచ్చబడింది. బండిని ఊపి చూసినా ఆరలేదు.

"దొరికిందే దొంగ! స్విచ్చిదే తప్పు!"

విప్పి చూస్తే లోపల రాగిరేకు నల్లగా మాడి, వంగిపోయి ఉంది. గరుకు కాగితంతో తోమి, రేకుని కాస్త పైకెత్తి, మళ్ళీ బిగించేడు. అప్పటికి ఎండ దిగిపోయింది.

"వెలిగిందేటే గుంటా?"

వెలిగింది. ఎంత బాగా వెలిగిందంటే, నా గౌను మీద చుక్కలన్నీ మెరిసేయి. నేను ఆ చుక్కలే లెక్కపెడుతూ ఉండిపోయేను.

"ఏటే, సెప్పవేటి?"

"వెలిగింది నాన్నా... ఇంక మళ్ళీ సాయంత్రాలు ఎల్లిపోతావు కదా?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

నాన్న పిడి మీద చెయ్యి అలాగే ఉంచి, అద్దంలోంచి నన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇంతలో వీధి చివర సైకిలు గంట వినపడింది. ఊళ్ళో ఓ షావుకారుగారి గుమస్తా బాడుగ మాట్లాడ్డానికి వస్తున్నాడు. నాన్న గబుక్కున పిడి లోపలికి నొక్కేసేడు.

"ఏటి బావా, దీపాలు బాగయ్యేయా? రోలుగుంటలో పెళ్ళి, ఇప్పుడే బయల్దేరాల."

"ఎక్కడ బావా... స్విచ్చి మాడిపోయింది. ఇయ్యాలకి ఇంకో బండి సూసుకో."

మా నాన్న అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే.

ఆ సాయంత్రం ఇద్దరం కారు వెనక సీట్లో కూర్చుని, ఒకే పళ్ళెంలో ఎండుచేపల పులుసూ అన్నం తిన్నాం. తిన్నాక నేను పాఠం గట్టిగా చదివి, "అర్థమయిందా?" అన్నాను.

"అర్థమయిందే తల్లీ" అన్నాడు నాన్న.

మర్నాటి నుంచి మామూలే... బుడ్డీ, బల్లీ, నేనూ.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా అబ్బాయి కారుకి చీకటి పడగానే దీపాలు వాటంతటవే వెలుగుతాయి. ఎదురుగా నిలబడి చెప్పే మనిషితో పనే లేదు. వాడూ కోడలూ ఆఫీసుల నుంచి వచ్చేసరికి బాగా పొద్దుపోతుంది. అందాకా నేను పేపరు గట్టిగా చదువుకుంటూ ఉంటాను. ఒక్కోసారి "అర్థమయిందా?" అని నోరు జారి అనేసి, నాలుక్కరుచుకుంటాను.

మీ కోసం కూడా ఎవరైనా, బాగయిపోయినదాన్ని బాగవలేదని చెప్పి, ఒక్క సాయంత్రం ఉండిపోయేరా? ఉంటే రాయండి... అన్నీ చదువుతాను. సాయంత్రాలు నాకు ఖాళీయే.